మిథనాల్ నుంచి బెంజీన్, టోలుయీన్, జైలీన్: జియోలైట్‌లో కొంచెం జింక్ కలిపితే ఏమవుతుంది?

మీ పక్కన నీళ్ల బాటిల్ ఉంటే ఒకసారి చూడండి. అది పెట్ ప్లాస్టిక్. దాని ముడిసరుకుల్లో ఒకటి పారాజైలీన్ నుంచి వస్తుంది. పారాజైలీన్‌ని మామూలుగా క్రూడాయిల్ నుంచి తీస్తారు. మరి బొగ్గు నుంచో, సహజవాయువు నుంచో చేసిన మిథనాల్‌తో తయారు చేయలేమా? చేయొచ్చు. కాకపోతే ఎంత వస్తుందనేది క్యాటలిస్ట్‌లో ఏది ఎంత ఉందన్న దాని మీద ఆధారపడుతుంది.

ఆ క్యాటలిస్ట్ జెడ్‌ఎస్‌ఎమ్-5. మొబిల్ కంపెనీ తయారుచేసిన జియోలైట్. సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్‌లతో అల్లిన జల్లెడ అనుకోండి. రంధ్రం సైజు దాదాపు 0.55 నానోమీటర్లు. బెంజీన్, టోలుయీన్, జైలీన్ అందులోంచి పడతాయి, మరీ పెద్ద అణువులు పట్టవు. 1985లో న్యూజిలాండ్‌లోని మోటునుయ్‌లో మిథనాల్‌ని పెట్రోల్‌గా మార్చే ప్లాంట్ మొదలైంది ఈ జియోలైట్‌తోనే.

ఇప్పుడు చిన్న లెక్క. మిథనాల్ నుంచి నీటిని తీసేస్తే మిగిలేది ఒక కార్బన్, 2 హైడ్రోజన్లు. అలాంటివి 6 కలిస్తే 6 కార్బన్లు, 12 హైడ్రోజన్లు. బెంజీన్‌కి కావాల్సింది 6 కార్బన్లు, 6 హైడ్రోజన్లే. మరి మిగిలిన 6 హైడ్రోజన్లు ఎక్కడికి పోవాలి?

అసలు విషయం ఇక్కడే ఉంది. ఏమీ కలపని జెడ్‌ఎస్‌ఎమ్-5 అయితే, వాటిని పక్కనున్న ఒలిఫిన్లకు అంటగడుతుంది. ఒక బెంజీన్ పుడితే 3 ఒలిఫిన్లు పారాఫిన్లు అయిపోతాయి. అంటే ప్రొపేన్, బ్యూటేన్ లాంటివి, మన వంటగ్యాస్‌లో ఉండేవే. పనికిరావని కాదు, మనం చేయాలనుకున్నది అది కాదు.

జింక్ కలిపితే ఆ హైడ్రోజన్లు జతకట్టి హైడ్రోజన్ గ్యాస్‌గా బయటికి పోతాయి. గాలియం కూడా ఈ పని చేస్తుంది. అప్పుడు ఒలిఫిన్లు మిగిలి, అవి కూడా ఆరోమాటిక్స్ అవుతాయి.

సరే, అయితే జింక్ బాగా వేసేద్దామా? నేను సాఫ్ట్‌వేర్ వాడిని, సర్వర్ స్లో అయితే ఇంకో రెండు పెట్టడం అలవాటు. ఇక్కడ అది కుదరదు. జింక్ ఎక్కువైతే ఆమ్ల స్థానాలను ఆక్రమిస్తుంది, జింక్ ఆక్సైడ్‌గా పేరుకుని రంధ్రాలకు అడ్డం పడుతుంది. రింగు కట్టడానికి ఆ ఆమ్ల స్థానాలు కావాలి కదా.

ఆ ఆమ్లత్వం వచ్చేది అల్యూమినియం వల్ల. అల్యూమినియం పెంచితే ఆరోమాటిక్స్ పెరుగుతాయి, కోక్ కూడా త్వరగా పేరుకుంటుంది. బాగా తగ్గిస్తే ఉత్పత్తి ప్రొపిలీన్ వైపు వెళ్తుంది. కోక్‌ని గాలితో కాల్చేయొచ్చు, క్యాటలిస్ట్ మళ్లీ పనిచేస్తుంది. కానీ రియాక్షన్‌లో పుట్టే నీరు ఆ వేడికి ఆవిరిగా ఉండి, అల్యూమినియంని జల్లెడ అల్లికలోంచి మెల్లగా లాగేస్తుంది. ఆ నష్టం కాల్చినా తీరదు.

అందుకే ఎవరైనా "మా క్యాటలిస్ట్‌తో ఇంత శాతం ఆరోమాటిక్స్" అంటే, వెంటనే ఇంకో ప్రశ్న అడగండి: ఎన్ని గంటలు నిలబడింది? ఎన్నిసార్లు కాల్చాక కూడా అంతే ఇచ్చింది? ప్లాంట్ నడపాలంటే శాతం ఒక్కటే చాలదు, ఈ జవాబులు కూడా కావాలి.

ఇవాళ్టికి ఇంతే. మళ్లీ కలుద్దాం.