పండితుడు మన ఇంటికి వస్తే చూపడానికి ఏమున్నది?
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల ఫీజులు, పెళ్లిళ్ల సాయం గురించి మాట్లాడుకోవలసిన సభలో చరిత్ర పండితుల ఫెలోషిప్పు సంగతి ఎందుకని కొందరు అనుకోవచ్చు. విషయం మనకు సంబంధించినదే కనుక నాలుగు మాటలు మనవి చేసుకుంటున్నాము.

అతిథి ఫెలోషిప్పు అంటే విద్యార్థులకిచ్చే స్కాలర్‌షిప్పు కాదు. ఇప్పటికే గ్రంథాలు రాసి పేరు పొందిన పండితుణ్ణి ఒక విశ్వవిద్యాలయమో, పరిశోధన సంస్థో కొంతకాలం తన దగ్గరకు పిలుచుకుంటుంది. భృతి, బస, గ్రంథాలయం సమకూరుస్తుంది. ఆయన తన పని చేసుకుంటూ అక్కడి యువ పరిశోధకులకు దారి చూపుతారు. 1972లో ఏర్పడిన భారత చారిత్రక పరిశోధన మండలి కూడా పెద్ద పండితులకు ప్రత్యేక ఫెలోషిప్పులు ఏర్పాటు చేసింది.

పేరొచ్చిన వారికి మళ్లీ సాయం ఎందుకండీ అంటారా? ఉస్మానియాలో చరిత్ర బోధించిన హరూన్ ఖాన్ షేర్వానీ గారిని తలుచుకోండి. 1891లో పుట్టారు. బహమనీల చరిత్ర 1953లో, కుతుబ్‌షాహీల చరిత్ర 1974లో వెలువడ్డాయి. అంటే రెండో గ్రంథం వచ్చేనాటికి ఆయనకు ఎనభై దాటాయి! మధ్యయుగ చరిత్ర అట్లాంటిది. పారసీ తవారీఖులు చదవాలి, తెలుగు శాసనాలు చదవాలి, కావ్యాల పీఠికలు వెతకాలి. ఒక్క భాష వస్తే సగం కథే దొరుకుతుంది. చెట్టు కాపుకొచ్చే వేళకు నీళ్లు ఆపితే నష్టం ఎవరికి?

మన సీమనే చూడండి. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా సింహాసనం ఎక్కక ముందు ఏడేండ్లు విజయనగరంలో తలదాచుకున్నాడు. 1550లో ఆయన తిరిగి వచ్చినప్పుడు పాలమూరు జిల్లా కోయిలకొండ కోట వారు ఆయన పక్షాన నిలుస్తామని చేసిన ప్రమాణం తెలుగు శాసనంగా చెక్కి ఉన్నది. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధర కవి తన కావ్యాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. మన పక్కనున్న దేవరకొండ కోట పద్మనాయకుల నుంచి కుతుబ్‌షాహీల దాకా ఎన్ని చేతులు మారిందో! ఇది వాళ్ల చరిత్ర, ఇది మన చరిత్ర అని గీత గీయడానికి వీలులేని నేల ఇది.

నందికొండ వారికి ఇంకో సంగతి వేరే చెప్పనక్కరలేదు. 1955 డిసెంబరు 10న ఇక్కడ ఆనకట్టకు పునాది పడింది. లోయ మునిగిపోతుందని తెలిసి నాగార్జునకొండలో ముందుగానే విస్తారంగా తవ్వకాలు జరిపి, దొరికినవి కొండమీదికి చేర్చారు. నీళ్లు వస్తున్నాయని తెలిసింది కనుక అంత తొందరపడ్డారు. మన ఇళ్లలోని కాగితాలకు అట్లా తేదీ ఎవరు చెబుతారు? చెదలు చెప్పి రావు గదా!

తాతల నాటి సనదులు, ఇనాం పత్రాలు, నికాహ్‌నామాలు, ఉత్తరాలు ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. చదివే పెద్దలు తగ్గిపోతున్నారు. పిల్లలకు ఆ లిపి రాదు. 'పనికిరాని కాగితాలు' అని పాత సామాన్ల వాడికి తూకానికి వేస్తున్నాము. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారంలో షాజహాన్, ఔరంగజేబు కాలపు కాగితాలు సైతం భద్రంగా ఉన్నాయి. అవీ ఒకనాడు దఫ్తర్లలో మామూలు కాగితాలే.

కనుక మా విన్నపాలు మూడే. ఒకటి, పాత కాగితం దేన్నీ పారవేయవద్దు. జిగురు పూయవద్దు, ప్లాస్టిక్ అతికించవద్దు. ఫోనులో ఫొటో తీసి, ఎవరి ఇంట్లో ఏమున్నదో సంఘానికి రాసివ్వండి. కాగితం మీ దగ్గరే ఉంటుంది. రెండు, దర్గాల్లో, పాత మసీదుల్లో రాతలున్న రాళ్లకు సున్నం, రంగు వేయవద్దు. మూడు, ఇంటికొక బిడ్డకైనా ఉర్దూ లిపి నేర్పండి, తెలుగుతో పాటు.

ఒక్క మాట చెప్పి ముగిస్తాము. నిజమైన పండితుడు మనల్ని పొగడటానికి రాడు. ఆయన చదివి చెప్పేది మన తాతల గొప్ప కావచ్చు, తప్పు కూడా కావచ్చు. రెండూ వినే ఓపిక ఉంటేనే పిలుద్దాము. ఫెలోషిప్పు ఇవ్వడం పెద్ద సంస్థల పని. వచ్చినాయన ముందు పెట్టె తెరిచి చూపగలగడం మన పని. పెట్టె ఖాళీ కాకముందే మేలుకుందాము.