మగపిల్లల ఎదుగుదల – పైకి చెప్పుకొనలేని దిగులు

(శామీర్‌పేట మండలము లాల్‌గడి మలక్‌పేట్‌లో ఆ చుట్టుప్రక్కల గ్రామముల పంచాయతీ సభ్యులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మంచినీరు, వీధి దీపములు, మురుగు కాలువలు – వీనిని గూర్చి మాటలాడుటకే పంచాయతీ సమావేశములలో ప్రొద్దు చాలదు. అట్టి సభలో మగపిల్లల మర్మావయవముల ఎదుగుదలను గూర్చి ప్రసంగింపబూనుట కొందరికి వింతగాను, కొందరికి ఎబ్బెట్టుగాను తోచవచ్చును. అయినను ఈ దిగులు వలన యువకులు నిద్ర మానుచున్నారు, అప్పు చేసి మందులు కొనుచున్నారు, కుదిరిన సంబంధములను సైతము కారణము చెప్పక కాదనుచున్నారు. కావున దీనిని పంచాయతీ పనిగానే మేము ఎంచుచున్నాము.

ఆడపిల్ల పెద్దమనిషి అయినచో బంధువులను పిలిచి వేడుక చేయుదుము. తల్లియో, మేనత్తయో, అమ్మమ్మయో ఆమెకు నాలుగు మాటలు చెప్పుదురు. ఆ మాటలన్నియు సరియైనవి కాకపోవచ్చును గాని, చెప్పువారైనను ఉన్నారు. మగపిల్లవాని సంగతి అట్లు కాదు. గొంతు మారును, నూనూగు మీసము వచ్చును, ఒకనాటి రాత్రి నిద్రలో వీర్యము స్ఖలనమగును. తండ్రి నోరు మెదపడు. పంతులుగారు ఆ పాఠమును దాటవేయుదురు. ఆశా కార్యకర్తను అడుగుటకు పిల్లవానికి సిగ్గు. ఇక వానికి మిగిలినది బావిలో ఈత కొట్టునప్పుడు పరిహసించు తోటివారును, చేతిలోని ఫోనును.

వైద్యశాస్త్రము చెప్పునది ఇది. మగపిల్లలలో ఎదుగుదల 9 మొదలు 14 ఏండ్ల లోపల ఎప్పుడైనను ఆరంభము కావచ్చును. మొదట వృషణములు పెరుగును, అంగము తరువాత పెరుగును. ఈ మార్పులు ముగియుసరికి 17, 18 ఏండ్లు నిండవచ్చును. ఒకే చేనిలో ఒకేనాడు చల్లిన మక్కలు సైతము ఒక్కనాడే కంకి వేయవు గదా! ఒకే తరగతిలోని 13 ఏండ్ల బాలురలో ఒకడు పెద్దవానివలె, వేరొకడు పసివానివలె కన్పట్టుట రోగము కాదు. 14 ఏండ్లు నిండినను ఏ మార్పును కానరానిచో అప్పుడు వైద్యునికి చూపవలెను. ఒక వృషణము రెండవదానికంటె క్రిందుగా వ్రేలాడుట సర్వసామాన్యము. ఎదుగు వయస్సులో చాలమంది బాలురకు రొమ్ము కొంచెము ఉబ్బి, నొప్పి పెట్టి, సాధారణముగా రెండేండ్లలోపల తగ్గిపోవును. అట్టివారిని ఎగతాళి చేయుటచే చొక్కా విప్పుటకు, ఆటలకు పోవుటకు భయపడు పిల్లలున్నారు.

పరిమాణమును గూర్చిన దిగులు పెద్దవారిలోను కలదు. వివిధ దేశములలో 15,521 మంది పురుషులను కొలిచిన లెక్కలను ఒకచోట చేర్చి 2015లో బ్రిటన్ పరిశోధకులు ప్రకటించిరి. సగటున అంగము మామూలుగా 9.16 సెంటీమీటర్లు, స్తంభించినప్పుడు 13.12 సెంటీమీటర్లు ఉన్నట్లు తేలినది. అశ్లీల చిత్రములను చూచి కొలత నిర్ణయించుకొనువానికి ఇది నమ్మశక్యము కాదు. తనది చిన్నదని వైద్యుని యొద్దకు వచ్చువారిలో అత్యధికులు మామూలు కొలతలోనివారే. స్థూలకాయులకు పొత్తికడుపు క్రింది కొవ్వు అడ్డుపడి ఉన్నదానికంటె తక్కువగా కన్పట్టును. దీనికి నడకయే మందు.

వీర్యము పోయినచో బలము పోవునను భయము మరియొకటి. నూరు చుక్కల రక్తము ఒక చుక్క వీర్యమగునని మనవారు అందురు. అది నిజము కాదు. ఈ భయముచే నీరసము, గుండెదడ, నిద్రలేమి కలుగుటను గమనించి 1960లో ఆచార్య నరేంద్రనాథ్ విగ్ దీనికి ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరిడిరి. ఇది మన దేశమునకే పరిమితమని సిగ్గుపడ నక్కరలేదు. 18వ శతాబ్దిలో ఐరోపా వైద్యులును ఇట్లే వ్రాసిరి. 1967లో సింగపూరులో అంగము లోనికి కుంచించుకొనిపోవుచున్నదను పుకారు పుట్టి వందలమంది ఆసుపత్రులకు పరుగిడిరి. వైద్యులు రేడియోలోను, టెలివిజన్‌లోను బహిరంగముగా నిజము చెప్పగా ఆ గోల అణగిపోయినది. మౌనముతో పెరిగిన భయము మాటతో తగ్గుననుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు తెలియదు.

ఈ భయమే కొందరికి జీవనాధారము. ఇచ్చట ఒక చమత్కారము కలదు. ప్రపంచమునకు టీకాలు పంపు జీనోమ్ వ్యాలీ మీ పొలిమేరలోనే ఉన్నది. పెద్ద రహదారుల ప్రక్కన డేరా వేసి సీసాలలో వేళ్ళు పెట్టి అమ్మువారును ఉన్నారు. మూలికయని చెప్పి అమ్ము పొడులలో సిల్డెనాఫిల్ అను ఇంగ్లీషు మందు కలిపినట్లు పరీక్షలలో పెక్కుమార్లు బయటపడినది. గుండెనొప్పికి నైట్రేటు మాత్రలు వాడువారికి అది ప్రాణాపాయము. వ్యాయామశాలలలో కండల కొరకు వేయించుకొను స్టెరాయిడ్ సూదులు వృషణములను చిన్నవి చేసి సంతాన శక్తిని తగ్గించును. దేహము అందముగా కనబడవలెనని పోయి ఉన్నదానిని పోగొట్టుకొనుట యన్న ఇదే.

చట్టము లేకపోలేదు. 1954 నాటి మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టము లైంగిక శక్తిని పెంచుదుమను ప్రకటనలను నిషేధించినది. 1959లో సుప్రీంకోర్టు హమ్‌దర్ద్ దవాఖానా కేసులో కొన్ని భాగములను కొట్టివేసినను ఈ నిషేధము నిలిచినది. మొదటి తప్పునకు ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. గోడ మీది కాగితమును ప్రకటనయే. మరి అట్టి కాగితములు బస్సు షెల్టరు మీద, ఒక్కొక్కచోట పంచాయతీ కార్యాలయపు గోడమీదనే ఎట్లు నిలుచుచున్నవి? వానిని చింపివేయించి, రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకు వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయుటకు సభ్యులకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

దిగులు అక్కరలేని సంగతులు చెప్పితిమి. దిగులు పడవలసినవియు కలవు. పుట్టిన బిడ్డ వృషణసంచిలో వృషణము చేతికి తగులనిచో, ఆరు నెలలు నిండినను దిగనిచో, శస్త్రవైద్యునికి చూపవలెను. ఏడాది, ఏడాదిన్నర లోపల శస్త్రచికిత్స జరుగుట మేలు. తల్లులకు ఈ మాట చెప్పవలసినది మహిళా సభ్యులు. బాలునికి అకస్మాత్తుగా వృషణములో తీవ్రమైన నొప్పి, వాంతి వచ్చినచో అది మెలిపడినదేమో యని సందేహించి, తెల్లవారువరకు ఆగక గాంధీ ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. ఆరు గంటలు దాటినచో వృషణము దక్కుట కష్టము. సిగ్గుచే ఇంటిలో చెప్పక పిల్లవాడు పోగొట్టుకొనునది ఇక్కడనే. నొప్పిలేని గట్టి గడ్డను, బుడ్డ దిగుటను కూడ ఉపేక్షింపరాదు.

ఇట్టివి చెప్పినచో పిల్లలు చెడిపోవుదురని ఒక పెద్దమనిషి అనవచ్చును. పిల్లలకు ఫోను ఇదివరకే చెప్పుచున్నది. అది అబద్ధము చెప్పుచున్నదనుటయే మా అభ్యంతరము. 2014లో ఆరంభమైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమము బాలురకును ఉద్దేశించినదే. పురుష ఆరోగ్య సహాయకునో, వైద్యాధికారినో పంపుడని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంచాయతీ తీర్మానము చేసి వ్రాయవచ్చును. ఎనిమిది మొదలు పది తరగతుల బాలురను వేరుగా కూర్చుండబెట్టి, ప్రశ్నలను పేరు లేని చీటీలపై వ్రాసి డబ్బాలో వేయమనుడు. మనసు మరీ క్రుంగినవారికి టెలి మానస్ వారి 14416 ఫోను రాత్రింబగళ్ళు ఉచితముగా పలుకును. ఆ అంకెను చింపివేసిన కాగితముల స్థానముననే వ్రాయించుడు.