నీలం అట్ట వెనక మూడక్షరాలు

పాస్‌పోర్టు పొందడం పౌరుడి హక్కా, ప్రభుత్వం దయతలిచి ఇచ్చేదా? 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు విదేశయానం వ్యక్తిస్వేచ్ఛలో భాగమేనని తేల్చింది. ఆ వెంటనే అదే ఏడాది పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. అందులో పాస్‌పోర్టులు మూడు రకాలు. మామూలు పౌరులకు ముదురు నీలం అట్టది, సర్కారు పని మీద వెళ్లే ఉద్యోగులకు తెల్లది, రాయబారులకూ మరికొందరు పెద్ద హోదాల వాళ్లకూ మెరూన్‌ది. ఈ రంగులు చూసి పౌరుల్లోనూ తరగతులున్నాయా అని నొచ్చుకునేవాళ్లున్నారు. నన్నడిగితే అక్కడ నొచ్చుకోవాల్సిందేమీ లేదు. తెలుపైనా మెరూనైనా పదవిని బట్టి వచ్చేదే, పదవి దిగితే అప్పగించాల్సిందే. మనిషికీ మనిషికీ మధ్య గీత గీసింది నీలం పుస్తకం లోపలే.

పదో తరగతి పాసవని వాళ్ల పుస్తకంలో 'ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్' అని ఉంటుంది. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో దాన్ని ఈసీఆర్ అంటారు. ఆ పాస్‌పోర్టుతో సౌదీకో, కువైట్‌కో, మలేషియాకో పనికి పోవాలంటే 1983 వలసల చట్టం కింద ముందుగా అనుమతి తీసుకోవాలి. ఉద్దేశం మంచిదే. ఒప్పందం చూస్తారు, 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. కానీ ఇన్‌కంటాక్స్ కట్టేవాళ్లకు, 50 దాటినవాళ్లకు ఈ తనిఖీ లేదు. టాక్స్ రసీదు చూసి ఏ కఫీలైనా, అంటే అక్కడి ఏ యజమానైనా, జీతం ఎగ్గొట్టడం మానేస్తాడా?

ఈ ఈసీఆర్ ముద్ర తీసేస్తే చదువులేనివాణ్ని ఏజెంట్లు నిలువునా ముంచుతారని కొందరి వాదన. ముద్ర ఉన్నా ముంచుతూనే ఉన్నారు. పనికి కాకుండా వేరే కారణంతో వెళ్లేవాళ్లకు అనుమతి అక్కర్లేదు గనక విజిట్ వీసా చేతిలో పెట్టి విమానం ఎక్కిస్తారు. అక్కడ గడువు దాటాక ఆ మనిషి కల్లివల్లి, అంటే సరైన కాగితాల్లేనివాడు. పాస్‌పోర్టు పోయినా, యజమాని దాచేసుకున్నా, తిరిగి రావడానికి ఎంబసీ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్టే దిక్కు. దాన్నే మనవాళ్లు ఔట్‌పాస్ అంటారు, ఒక్క ప్రయాణానికే చెల్లుతుంది. 2018 జనవరిలో ఈసీఆర్ వాళ్లకు నారింజ రంగు అట్ట వేస్తామని కేంద్రం ప్రకటించి, నిరసనలు రావడంతో ఆ నెలలోనే విరమించుకుంది. రంగు ఆగింది గానీ లోపలి ముద్ర పోలేదు.

మరి రక్షణే వద్దా అంటే, కావాలి. అయితే అది పదో తరగతి సర్టిఫికెట్టును కాక పనిని బట్టి ఉండాలి. ఇందుకు దారి కూడా ప్రభుత్వమే చూపింది. 2015 నుంచి సౌదీ, కువైట్ వంటి ఈ దేశాలకు వెళ్లే నర్సులకు, ఎంత చదివినా, పాస్‌పోర్టు ఏ రకమైనా, అనుమతి తప్పనిసరి చేసింది. అలా అందరినీ తనిఖీ చేస్తే ఇంజినీర్లు కూడా క్యూ కట్టాలి కదా అని అడగొచ్చు. అక్కర్లేదు. ఇంటిపని, భవన నిర్మాణం, డ్రైవింగ్ వంటి మోసం ఎక్కువుండే పనుల వీసాలకు మాత్రం ఆ నిబంధన పెట్టి, పాస్‌పోర్టులో ఆ మూడక్షరాలు తీసేస్తే చాలు.