అప్పు నేరం కాదు, నోటీసు దాచకండి

(క్రెడిట్ కార్డు బాకీలపై మహల్లా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉద్యోగ విరమణ చేసిన మేము కొందరం వారానికొక పూట ఇక్కడే కూర్చుని పింఛను దరఖాస్తులు, రేషన్ కార్డులు, స్కాలర్‌షిప్పుల కాగితాలు చూస్తున్న సంగతి మీకు తెలుసు. ఈ మధ్య మా బల్ల మీదికి వేరొక రకం కాగితాలు వస్తున్నాయి. అవి క్రెడిట్ కార్డు బాకీలపై బ్యాంకుల తరఫు న్యాయవాదులు పంపిన నోటీసులు. చాలావాటికి కవరు కూడా విప్పి ఉండదు. వడ్డీ అప్పులో పడ్డామని అబ్బాజాన్‌కు తెలిస్తే, జమాఅత్‌లో తెలిస్తే తలెత్తుకోలేమని మన యువకులు వాటిని పరుపుల కింద దాస్తున్నారు. వడ్డీ గురించి ధర్మం ఏమంటుందో చెప్పడానికి ఇమాం సాహెబ్ ఉన్నారు. మేము చెప్పగలిగేది గుమాస్తాల మాట మాత్రమే.

కార్డు బాకీ కట్టలేకపోవడం దానంతటది నేరం కాదు. అది సివిల్ వ్యవహారం. సాయంత్రానికి పోలీసులు ఇంటికి వస్తారని ఫోనులో గద్దించే వసూలు ఏజెంటుకు ఎవరినీ అరెస్టు చేయించే అధికారం లేదు. పోలీసు అన్న మాట వింటే మన బస్తీల్లో ఎంత భయమో ఆ ఏజెంట్లు బాగా ఎరుగుదురు. ఆ భయంతోనే తల్లుల గాజులు తాకట్టు కొట్లకు చేరుతున్నాయి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తరువాత వసూలు కోసం ఫోను చేయరాదు. దూషించరాదు, బంధుమిత్రుల ఎదుట అవమానించరాదు. అలా జరిగితే తేదీ, సమయం, ఫోను నంబరు రాసిపెట్టుకొని ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకున్నా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకున్నా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అందుకు రుసుము లేదు.

అయితే నేరం వేరే తలుపు గుండా ప్రవేశిస్తుంది. ఆ తలుపు పేరు చెక్కు. వేధింపు భరించలేక, ఖాతాలో సొమ్ము లేకుండానే, ఏజెంటు చేతిలో చెక్కు పెట్టిన వారున్నారు. అది తిరిగివస్తే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను వర్తిస్తుంది: రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ. నోటీసు అందిన 15 రోజుల్లో ఆ మొత్తం చెల్లిస్తే కేసు ఉండదు. కవరు విప్పనివారికి ఆ 15 రోజులు ఎప్పుడు గడిచాయో కూడా తెలియదు. ఖాతా నుంచి నెలనెలా వాయిదా కోసుకోమని బ్యాంకుకు సంతకం చేసి ఇచ్చిన ఆదేశం సొమ్ము లేక విఫలమైనా, 2007 నాటి చెల్లింపుల చట్టం ప్రకారం ఇటువంటి శిక్షే ఉంది.

కోర్టు సమను మరింత ముఖ్యమైనది. దానికి సాధారణంగా 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. పోస్టుమాన్‌ను తిప్పి పంపినంత మాత్రాన కేసు ఆగదు; మన మాట వినకుండానే డిక్రీ వస్తుంది. అనవసరపు రుసుములు, కట్టినా జమ చేయని మొత్తాలు ఎన్ని ఉన్నా అప్పుడు చెప్పుకోవడానికి చోటుండదు. డిక్రీ వచ్చినా కేవలం పేదరికం వల్ల చెల్లించలేని వ్యక్తిని జైలుకు పంపరాదని సుప్రీంకోర్టు 1980లోనే, జాలీ జార్జ్ వర్గీస్ కేసులో, తేల్చింది. స్తోమత ఉండి ఎగవేసేవారికి ఈ రక్షణ లేదు.

లోక్ అదాలత్ నుంచి వచ్చే పిలుపును చూసి ఎవరూ హడలిపోవద్దు. అది వారెంటు కాదు, రాజీకి ఆహ్వానం. కానీ అక్కడ సంతకం పెట్టిన ఒప్పందానికి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దానిపై అప్పీలు లేదు. నెలకు నాలుగు వేలు మిగిలే ఇల్లు ఎనిమిది వేల వాయిదాకు ఒప్పుకోవడం మా దృష్టిలో పరువు కాపాడుకోవడం కాదు. రాజీ మొత్తం ఎంతో బ్యాంకు లేఖ మీద వచ్చాకే కట్టండి. ఏజెంటు చేతికి నగదు ఇవ్వకండి. కట్టిన తరువాత బాకీ లేదన్న పత్రం తీసుకోండి. కార్డు మహిళ పేరున ఉంటే, ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆమెకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఈ సంగతి మన ఇళ్లలో తెలిసినవారు తక్కువ.

గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన సోదరులకు ఒక మాట. దుబాయిలో వదిలేసిన కార్డు బాకీ సముద్రం దాటి రాదని కొందరి నమ్మకం. 2020 జనవరిలో కేంద్రం జారీ చేసిన నోటిఫికేషను వల్ల యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ కోర్టుల డిక్రీలను ఇక్కడి జిల్లా కోర్టులోనే అమలు చేయించుకోవచ్చు. అక్కడి నుంచి వచ్చిన ఈ-మెయిలును తుడిచివేయకుండా మాకు చూపండి.

మేము న్యాయవాదులం కాము. కాగితం చదివి, గడువు లెక్కించి, ఎక్కడికి వెళ్లాలో చెప్పగలం. ఎవరి బాకీ సంగతీ మా బల్ల దాటి బయటకు పోదు. వచ్చేటప్పుడు కార్డు స్టేట్‌మెంట్లు, చెల్లించిన రసీదులు తీసుకురండి. నోటీసు ఏ రోజున చేతికి అందిందో ఆ కవరు మీదే రాసి, కవరుతో సహా తెండి.