నాలుగో సంఖ్యకు సాక్ష్యం ఏది?

ఇంటర్మీడియట్ రసాయన శాస్త్రంలో తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: సోడియం పరమాణువులో చివరి ఎలక్ట్రాన్‌కు నాలుగు క్వాంటం సంఖ్యలు రాయండి. జవాబు సులువే. పదకొండు ఎలక్ట్రాన్లలో పది మొదటి రెండు కర్పరాలను నింపుతాయి, మిగిలిన ఒక్కటి 3ఎస్‌లో చేరుతుంది. కాబట్టి ప్రధాన సంఖ్య 3, ఎజిముతల్ సంఖ్య 0, అయస్కాంత సంఖ్య 0, స్పిన్ +1/2. మార్కులు పడతాయి. ఈ నాలుగూ ఒకే తీరున పుట్టాయన్న అపోహ కూడా వాటితోపాటే స్థిరపడుతుంది. మొదటి మూడూ 1926 నాటి ష్రోడింగర్ సమీకరణాన్ని సాధిస్తే వస్తాయి. నాలుగోది అందులో లేదు. ప్రయోగ ఫలితాలు పట్టుబట్టి ఒప్పించిన సంఖ్య అది. సాక్ష్యం చూపకుండా దాన్ని నేర్పితే నేర్పినట్టు కాదన్నదే నా వాదన.

ఆ సాక్ష్యం సోడియంలోనే ఉంది. మంటలో ఉప్పు చల్లితే కనిపించే పసుపు వెలుగును మంచి వర్ణపటమాపకంతో చూస్తే 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర రెండు గీతలు కనిపిస్తాయి. ఎలక్ట్రాన్ 3పి నుంచి 3ఎస్‌కు దిగినప్పుడు వెలువడే కాంతి ఇది. మూడు సంఖ్యలతోనే కథ ముగిస్తే ఇక్కడ ఒక్క గీతే ఉండాలి. 1922లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్టెర్న్, గెర్లాక్ వెండి పరమాణువుల పుంజాన్ని అసమ అయస్కాంత క్షేత్రం గుండా పంపితే అది రెండుగా చీలింది. వెండి బాహ్య ఎలక్ట్రాన్ ఎజిముతల్ సంఖ్య సున్నా. కక్ష్యా చలనమే లెక్కయితే పుంజం చీలకూడదు. కర్పరాల లెక్కా ఇదే చెబుతుంది. మూడు సంఖ్యలతో మొదటి మూడు కర్పరాల్లో 1, 4, 9 స్థితులే వస్తాయి. వాటిలో పట్టే ఎలక్ట్రాన్లు 2, 8, 18. ప్రతిచోటా సరిగ్గా రెట్టింపు. 1925లో పౌలి ఈ రెట్టింపును నాలుగో సంఖ్యగా గుర్తించి, ఏ రెండు ఎలక్ట్రాన్లకూ నాలుగూ ఒకటి కావన్నాడు. అదే ఏడాది లైడెన్‌లో ఉలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ దానికి స్పిన్ అన్న అర్థం చెప్పారు.

ఈ వాదనకు రెండు అభ్యంతరాలు రావచ్చు. ఎలక్ట్రాన్ బంతిలా తిరుగుతుంటే దాని ఉపరితల వేగం కాంతి వేగాన్ని మించాలి కదా అన్నది లోరెంజ్ ఎత్తిచూపిన చిక్కు. నిజమే. కానీ ఆ ఆక్షేపణతో కూలింది బంతి బొమ్మ, సంఖ్య చెక్కుచెదరలేదు. 1928లో డిరాక్ సమీకరణంలోంచి స్పిన్ దానంతట అదే వచ్చింది కనుక సాక్ష్యంతో పనేమిటన్నది రెండోది. ఆ సమీకరణాన్ని నమ్మడానికి ఉన్న బలమైన కారణాల్లో ఒకటి, అది వర్ణపట గీతల ఇలాంటి చీలికకు సరిపోవడమే. సిద్ధాంతం వచ్చినంత మాత్రాన సాక్షిని పంపేయలేం.

ఈ దృష్టితో చూస్తే పరీక్ష జవాబులోని లోపాలు బయటపడతాయి. క్షేత్రం లేనప్పుడు +1/2, −1/2 స్థితులకు శక్తి సమానం; సోడియం ఒంటరి ఎలక్ట్రాన్‌కు ఏది రాసినా ఒప్పే. ‘చివరి ఎలక్ట్రాన్’ అన్నదీ సౌకర్యానికి చెప్పుకునే మాటే. సీటు నంబరు బస్సుదే తప్ప ప్రయాణికుడిది కానట్టు, ఈ సంఖ్యలు స్థితులవి, ఎలక్ట్రాన్లన్నీ ఒకటే. నింపే క్రమమూ శాసనం కాదు: క్రోమియంలో 4ఎస్‌లో ఒకటి, 3డిలో అయిదు ఉంటాయి. అధ్యాపకులకు నా విన్నపం: ముందు సోడియం గీతలు చూపండి, తర్వాతే సంఖ్యలు రాయించండి. −1/2 రాసిన విద్యార్థికి పూర్తి మార్కులివ్వండి.