మనల్ని ఎవరో ఒకరు కాపాడే సినిమాలు



పోడు పట్టాల గురించి మాట్లాడాల్సిన శిబిరంలో సినిమా ముచ్చటేంటని కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, పర్లేదు. నేను కాలేజీ హాస్టల్లో చేరిన మొదటి వారం, మాది ఏజెన్సీ అని తెలియగానే ఒకడు నోటి మీద చెయ్యి కొట్టుకుంటూ కూత పెట్టాడు. మా గూడెంలో అలా అరిచినోళ్లను నేనెప్పుడూ చూళ్లేదు. వాడు దాన్ని సినిమాలో నేర్చుకున్నాడు. అందుకే ఈ ముచ్చట. ఈమధ్య చూసిన నాలుగు సినిమాల గురించి నాకు అనిపించింది చెప్తా.

మొదటిది ‘ఆర్ఆర్ఆర్’. రెండోసారి చూశా. అబద్ధం ఎందుకు, భీమ్ జంతువులతో కలిసి దూకే సీన్‌లో ఈసారీ ఈల వేశా. ఇదంతా కల్పన అని తీసినవాళ్లే చెప్పారు, దాంతో నాకు పేచీ లేదు. చివర్లో నీకేం కావాలని రామ్ అడిగితే, భీమ్ చదువు కావాలంటాడు చూడండి, అక్కడ నా ఈల ఆగిపోయింది. అసలు కొమురం భీమ్ చదవడం, రాయడం నేర్చుకున్న మనిషని ఆయన జీవితం రాసినవాళ్లు చెప్తారు. జల్ జంగల్ జమీన్ అనే మాట ఆయనకు ఎవరూ రాసివ్వలేదు. 1940లో జోడేఘాట్‌లో ఆయన చనిపోయాకే నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను గోండుల దగ్గరికి పంపింది. ఆ తర్వాతే మార్లవాయిలో గోండి బడి వచ్చింది. అంటే చదువు కూడా కొట్లాడితేనే వచ్చింది. సినిమాలో మాత్రం స్నేహితుడు ఇచ్చిన కానుక అయింది.

రెండోది ‘జై భీమ్’, 2021లో వచ్చింది. ఇరుళర్ మనిషి మీద దొంగతనం కేసు, లాకప్‌లో దెబ్బలు, భర్త కోసం గర్భిణి అయిన సినతల్లి తిరగడం. మా అమ్మ సగంలో లేచి బయటికెళ్లిపోయింది. యానాదుల్ని, ఎరుకలోళ్లని తెల్లదొరలు నేరస్త జాతులని చట్టంలో రాశారు. ఆ చట్టం పోయి డెబ్బై ఏళ్లు దాటినా, ఊళ్లో దొంగతనం జరిగితే మొదట ఎవరి గుడిసె తలుపు కొడతారో మీకు తెలుసు. జీపులో దింపుతామని పోలీసులు బతిమాలినా సినతల్లి ఎక్కదు. నడుస్తుంది. జీపు వెనక వస్తుంది. ఆ ఒక్క సీన్ కోసం సినిమా మళ్లీ చూడొచ్చు. ఒక మాట మాత్రం చెప్పాలి. 1993 నాటి అసలు ఘటనలో చనిపోయిన రాజాకన్ను కురవ సముదాయం మనిషి. సినిమా ఆ సముదాయం పేరు మార్చేసింది. చచ్చిపోయినోడి జాతి పేరైనా వాడికి మిగలాలి కదా.

మూడోది ‘ఇట్లు మారేడుమిల్లి ప్రజానీకం’. వంతెన లేని గూడెం, ఓటు వెయ్యమనే జనం, ఎన్నికల డ్యూటీకి వచ్చిన మాస్టారు. కథ మనదే. మా పిన్నిని నొప్పులొచ్చినప్పుడు డోలీ కట్టి మోశాం. ఒక కొస నా భుజం మీదే ఉంది. వాగు దాటి రోడ్డు ఎక్కేసరికి తెల్లారింది. పిన్ని బతికింది, బిడ్డ దక్కలేదు. అందుకే ఆ గూడెం కష్టం చూస్తుంటే భుజం మళ్లీ నొప్పెట్టింది. సమస్యను పెద్ద తెర మీద పెట్టినందుకు థ్యాంక్స్. కానీ కథ నడిపేది మాస్టారే. పిన్నిని ఏ మాస్టారూ మోయలేదు, మేమే మోశాం. కలెక్టరాఫీసు చుట్టూ అర్జీలు పట్టుకుని తిరిగిందీ మేమే.

నాలుగోది ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’. ముదుమలైలో తల్లి లేని ఏనుగు పిల్లల్ని పెంచిన బొమ్మన్, బెల్లీల కథ. 2023లో ఆస్కార్ వచ్చింది. నలభై నిమిషాలే. ఇందులో హీరో బయటి నుంచి రాడు. కాట్టునాయకన్ భార్యాభర్తలు తమ నోటితోనే తమ అడవి గురించి చెప్తారు. మా అవ్వ కదలకుండా చూసి, “వీళ్లు మనోళ్లలాగే ఉన్నారే” అంది. నాకు తక్కువైంది ఒక్కటే. పులుల అభయారణ్యాల పేరుతో అడవి నుంచి మనుషుల్ని పంపించేస్తున్న సంగతి అందులో లేదు. కవ్వాల్‌లో, నల్లమలలో మనోళ్లకు ఆ బాధ తెలుసు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సినిమాలు చూడొద్దని నేననను. నేనే మళ్లీ చూస్తా. చూసేటప్పుడు ఒక్కటి గమనించండి, చివర్లో నిర్ణయం ఎవరిది? మనదా, మనకోసం వచ్చినోడిదా?

మనమూ తీయగలం. జార్ఖండ్‌లో ఒరావ్ సముదాయం నుంచి వచ్చిన బిజు టొప్పో డాక్యుమెంటరీలకు జాతీయ అవార్డులు వచ్చాయి. కేరళలో పణియ ఆడబిడ్డ లీలా సంతోష్ కెమెరా పట్టింది. మన చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. ఈసారి ఇంటికెళ్లినప్పుడు అవ్వ పక్కన కూర్చుని, మీ వాగుకు ఆ పేరు ఎలా వచ్చిందో మన భాషలోనే చెప్పించండి. ఐదు నిమిషాలు చాలు. దాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టకముందు గూడెంలో అందరికీ చూపించండి. తప్పులుంటే వాళ్లే చెప్తారు.

మా పిన్ని కథ నేనే తీద్దామనుకుంటున్నా. మొన్న అడిగితే, “డోలీ మోసినోళ్లందరి పేర్లూ పెడితేనే” అంది. పెడతానన్నా.

జోహార్.