చెట్టెక్కువాని మాట
(చాపాడున చేసిన యుపన్యాస పాఠము)

మద్యపానము కీడని చెప్పుటకు నేను రాలేదు; అది మీ రెల్లరు నెరిగినదే. ఆ పానీయమును తీయువాని బ్రతుకునుగూర్చియు, వాడు కట్టుకొన్న సంఘమునుగూర్చియు రెండు మాటలు విన్నవింప వచ్చితిని.

1938 అక్టోబరు 1వ తేదీన రాజగోపాలాచారిగారి మంత్రివర్గము చిత్తూరు జిల్లాతోపాటు మన కడప జిల్లాలోను మద్యనిషేధము నమలు జరిపెను. అంతకు ముందేడు సేలము జిల్లాలో మొదలైన ప్రయత్నమిది. ఆబ్కారీ రాబడి పోగా ఖజానాకు గలిగిన లోటును పూడ్చుటకై 1939లో అమ్మకపు పన్ను వచ్చెను. ప్రభుత్వము తన లోటును లెక్క కట్టుకొన్నది. మోకు ముస్తాదులతో చెట్టెక్కు ఈడిగవాని లోటు నెవరు పూడ్చిరి? తీపికల్లుతో బెల్లము వండుకొమ్మని సెలవొసగి సహకార సంఘములను పెట్టించిరి. ఉద్దేశము మంచిదే. కాని బెల్లము వండుటకు వంటచెరకు కావలెను, బానలు కావలెను, చెరకుబెల్లముతో పోటీపడి సంతలో నిలువవలెను. లొట్టి దిగినంతనే చేత కాసు చూచినవాని కిది సులభమైన మార్పు కాదు.

వాడు తన కష్టము నెవరితో చెప్పుకొనవలెను? మిల్లుకూలీకి యజమాని కంటి యెదుట నుండును. 1918 ఏప్రిలులో చెన్నపురిని వెలసిన మద్రాసు లేబరు యూనియను బిన్నీ కంపెనీతో తలపడెను. కంపెనీవారు హైకోర్టున కెక్కి, సంఘనాయకులైన వాడియాగారిపై నిషేధాజ్ఞ తెచ్చుకొనిరి. కార్మిక సంఘములకు చట్టరక్షణ కావలెనను కోరిక దానితో బలపడి, 1926లో శాసనరూపము దాల్చెను. గీతపనివానికో, అట్టి యొక్క యజమాని లేడు. ఆనాడు చెట్టొకరిది, పాట కంట్రాక్టరుది, అనుమతి ఆబ్కారీవారిది. తోటివా డింకొక చెట్టుపై నుండును. ఇట్టివారు కూడుట కష్టము. కూడిన పిమ్మట తలపడవలసినది ప్రభుత్వముతోనే.

అట్లే జరిగినది. 1948 అక్టోబరు నాటికి మద్రాసు రాష్ట్రమంతట వ్యాపించిన నిషేధము, 1953లో నేర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు వారసత్వముగా వచ్చెను. సర్దార్ గౌతు లచ్చన్నగారు గీతపనివారి పక్షమున నిలిచి ఆందోళనము సాగించిరి. ప్రభుత్వమే నియమించిన రామమూర్తి సంఘము నిషేధమును తొలగింపుమని సూచించెను. ఆ సూచన నంగీకరింపని ప్రకాశం మంత్రివర్గము 1954 నవంబరులో శాసనసభయందు ఒక్క వోటుతో కూలిపోయెను. కొమ్మపై నొంటరిగా నుండువాని గోడు విననందున రాజధానిలో సింహాసనము కదలినది!

తెలంగాణమున బొమ్మగాని ధర్మభిక్షంగారు గీతపనివారిని సంఘటిత పరచిరి. కంట్రాక్టరుల పాటలు పోవలెను, చెట్టు గీయువానికే దక్కవలెనని అచ్చటి సంఘములు కోరినవి. తమ నాయకుని నల్లగొండ ప్రజలు 1991లోను 1996లోను లోక్‌సభకు పంపిరి.

అమెరికాలోను బీరు కాచు పనివారు 1886లోనే జాతీయ సంఘము కట్టుకొనిరి. 1920లో వచ్చిన మద్యనిషేధము 1933 వరకు నిలిచి, వారి పనిని, సంఘబలమును గూడ హరించెను. అదే 1920లో ఐరోపాయందు బీరు కాచువారు, రొట్టెలు కాల్చువారు, మాంసపు పనివారు జూరిచ్ నగరమున నొక్క అంతర్జాతీయ సంఘముగా నైరి. 1961లో హోటలు పనివారి అంతర్జాతీయ సంఘమును వారితో కలిసెను. వండువాడును, వడ్డించువాడును ఒక్క కుటుంబమని వారు గ్రహించిరి.

సోదరులారా, సంస్కరణము వలదని నే ననుట లేదు. పదిమంది మేలుకొరకు ఒకనిచేత పని మాన్పించునప్పుడు, వానికి కూడు చూపు భారమును ఆ పదిమందియే మోయవలెను. ఆ లెక్క చట్టము పుట్టకముందే వేయవలెను; వేయునప్పుడు ఆ పనివాని ప్రతినిధి ఎదుట కూర్చుండవలెను. అందుకే సంఘము. మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు హోటళ్లలో వడ్డించువారును, గిన్నెలు తోము పిల్లవాండ్రును గూడ నొక్కొక్క కొట్టులో నొక్కరిద్దరుగా చెదరియున్నవారే. వారు కూడదలచిన నాడు చదువు నేర్చిన మనము అర్జీ వ్రాసియిచ్చుటకైన ముందుకు రావలెనని నా మనవి.